కొప్పు రేకు కింద అంకెలు

మీ ఇల్లు కురిసినప్పుడు మీరు నిచ్చెన వేసుకొని కప్పు ఎక్కి చూశారా, ఇంట్లో ఆడపిల్ల ముఖం వంక చూశారా? తొందరపడి జవాబు చెప్పకండి. మెదక్‌లో మా ఇంటి వెనక గోడకు ఎప్పుడూ ఒక వెదురు నిచ్చెన ఆనించి ఉండేది. నాయిన దాన్ని ఎక్కి సొరకాయలు కోసేవాడు. అమ్మ దాని మెట్ల మీద ఒడియాల గుడ్డ ఆరేసేది. పిల్లి దాని మీదుగా ఇంటి పైకి పోయేది. ఇల్లు కురిసిన రోజున మాత్రం ఆ నిచ్చెన ఎవరికీ కనిపించలేదు. అందరూ మా అక్క సుగుణ వైపు తిరిగారు. ఆ రోజు తిరిగిన ముఖాల్లో ఒక్కొక్కటీ నాకు గుర్తుంది, నాదానితో సహా. నేను ఎవరినీ క్షమించలేదు. ఈ అధ్యాయం చదివి నేను పగ పట్టిన మనిషినని మీకు అనిపిస్తే, సరిగ్గానే అనిపించిందని అనుకోండి.

ఈ ఎండాకాలం అక్క ఫోన్ చేసి, "చెల్లే, రేకులు మొత్తం బొక్కలు వడ్డయి. తారు పెట్టి పెట్టి నా చేతులు నల్లగైనయి గని వాన మాత్రం ఆగుతలేదు" అన్నది. భర్త పోయాక రామాయంపేట నుంచి తిరిగి వచ్చి, ఆ ఇంట్లోనే, నాయిన కుట్టుమిషను ముందే కూర్చొని జాకెట్లు కుడుతున్న మనిషి. కొత్త రంగు రేకులు వేయిద్దామని నేను బయలుదేరి వచ్చాను. సభల్లో వాదించి గెలవడం వచ్చిన దానికి రేకులు కొనడం రాదా అనుకున్నాను. రామాయంపేట రోడ్డులోని రేకుల దుకాణంలో గదుల పొడవు చెప్పి అంతే పొడవు రేకులు కొయ్యమన్నాను. నా వెంట వచ్చిన రేకుల మేస్త్రీ సలీం దుకాణం వాడిని చేత్తో ఆపి నవ్వాడు. "ఇల్లు నేల మీద పండుకోని లేదక్కా, మీదికెల్లి వాలుగున్నది. వాలు మీద టేపు పెట్టి కొలువాలె. చూరు బయటికి జానెడన్న రావాలె. నువ్వు చెప్పిన లెక్కల కోయిస్తే గోడ తానం చేస్తది." తల వంచుకొని ఇంటికి వచ్చి మళ్ళీ కొలిపించాను.

రెండోసారి వెళ్ళినప్పుడు దుకాణం వాడు, కొప్పు రేకు, అంచు పట్టీలు, చూరు పట్టీ కూడా అదే రంగులో రాయమంటారా అని అడిగాడు. రెండు వాలులు కలిసే నడినెత్తిన బోర్లించేదే కొప్పు రేకు. మిగతావి పక్కలకూ చూరుకూ మడిచి బిగించే సన్న రేకులు. అవి సింగారానికేమో, అక్కర్లేదన్నాను. సలీం ఈసారి నవ్వలేదు. "రేకులు ఎవడన్న ఏస్తడక్కా. వాన దొంగలెక్క, తలుపు కాడికి రాదు, సందు కాడికి వస్తది. పట్టీలు లేకుంట నేను పని పట్టుకోను. మా అబ్బాజాన్ గట్లనే నేర్పిండు." వాళ్ళ నాయిన మాట రాగానే, పట్టీలు కూడా రాసుకొమ్మని దుకాణం వాడికి చెప్పాను. ఆయన మా ఖాజా చాచా. మా ఇంటి మీద మొదటి రేకులు వేసింది ఆయనే.

అప్పుడు మాది గూనపెంకుల ఇల్లు. ముందు గదే నాయిన దర్జీ దుకాణం. ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కు కొసన ఉంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద కాలీకాలని నీళ్ళ చుక్కల వాసన, కొత్త గుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన. నాయిన పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి, అందుకని ఆయన సగం మాటలు కళ్ళతోనే చెప్పేవాడు. నాయనమ్మ గడప పక్కన కూర్చొని వచ్చిపోయే వాళ్ళ కాళ్ళు చూసి, ఎవరు అంటులో ఉన్నారో ఎవరు శుద్ధిగా ఉన్నారో తీర్పులు చెప్పేది. చర్చి గంట మోగితే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మా ఇంట్లో గడియారం లేని లోటు ఆ గంట తీర్చేది. అక్క బడి నుంచి వచ్చి కాజాలు కుట్టేది. నాయిన చెప్పిన కొలతలు నోట్‌బుక్కులో రాసేది కూడా తనే. ఒకటీ ఏడూ కలిసిపోయి ఒకరి చొక్కా ఇంకొకరికి పొట్టిగా కుట్టిన నాటి నుంచి నాయిన ఏడు అంకె నడుముకు అడ్డగీత పెట్టడం మొదలుపెట్టాడు. అక్కకూ అదే అలవాటైంది. పదో తరగతి చదువుతున్న అక్కకు లెక్కలంటే ప్రాణం. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూడా గోడ మీద కోణాలు గీసేది.

పెంకులు కోతుల పాలై, ఏటా సర్దించలేక, నాయిన జింకు రేకులు తెప్పించాడు. ముందు వాలుకు పన్నెండు. అవి వాకిట్లో దిగిన రోజు మా వాడకట్టు వాళ్ళంతా వచ్చి వాటిలో ముఖాలు చూసుకున్నారు. ఖాజా చాచా సన్నగా, పొడుగ్గా, చెవిలో పెన్సిలుతో ఉండేవాడు. ఆయనకు చదవడం రాదు, కానీ ఇంటి ముందు నిలబడి, పిడికెడు మట్టి గాలిలోకి వదిలి, అది ఎటు పోతుందో చూసి, ఆ ఇంటికి వాన ఎటునుంచి వస్తుందో చెప్పేవాడు. మా ఇంటికి పడమటి నుంచి వస్తుందన్నాడు. "ఏ దిక్కుకెల్లి ఏస్తవు చాచా?" అని అక్క అడిగింది. ఆయన ఎడమ అరచేతి మీద కుడి అరచేయి సగం ఎక్కించి అక్క ముఖం ముందు పెట్టాడు. "ఊదు బేటీ, గిటుకెల్లి ఊదు." అక్క ఊదింది. "గాలి లోపటికి దూరిందా? ఇగ గటుకెల్లి ఊదు. దూరిందా? మీద రేకు అంచు గాలికి ఎదురు నిలవడొద్దు, వీపు జూపాలె. పడమటి గాలికి తూర్పుకెల్లి షురూ చెయ్యాలె. గంతే ఇల్ము." చదువు రాని మనిషి చేతుల్లో ఉన్న ఆ చదువుకు అక్క కళ్ళు మెరవడం నేను చూశాను.

రేకుల మీద వరస అంకెలు వేసి పెట్టమని చాచా అక్కనే అడిగాడు. తారు డబ్బాలో పుల్ల ముంచి, ప్రతి రేకు పై కొసన, తర్వాత కొప్పు రేకు కిందికి పోయే చోట, అక్క ఒకటి నుంచి పన్నెండు దాకా వేసింది. ఒక్కో అంకె పక్కన ఒక బాణం: తర్వాతి రేకు ఇటు రావాలని, అంటే పడమర వైపుకు. అది తన ఆలోచనే. చాచా చూసి, "షాబాష్! ఇగ నేను పండుకున్నా పని నడుస్తది" అన్నాడు. ఆ రోజు అక్క ముట్టులో ఉంది. చెబితే వెనక కొట్టంలో కూర్చోవాలి, రేకుల దగ్గరికి రానివ్వరు. అందుకని చెప్పలేదు. ఉతికిన గుడ్డను గడ్డివాము వెనక ఆరేసుకుంది. అది నేను చూశాను. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో.

మరునాడు పొద్దున పని మొదలయ్యే వేళకు నాయనమ్మ సిద్ధాంతిని పిలిపించింది. కొత్త కప్పు ఎత్తేటప్పుడు ఆయన కొబ్బరికాయ కొట్టందే మా వాడలో ఎవరూ మేకు దించేవారు కాదు. ఆయన వాకిట్లో నిలబడి పంచ సర్దుకొని, తూర్పు నుంచి మొదలుపెట్టడం ఏమిటని గద్దించాడు. బరువు నైరుతిలో పడాలట, మొదటి రేకు పడమట చివరన నైరుతి మూల నుంచే ఎత్తాలట. ఖాజా చాచా తలగుడ్డ తీసి మెల్లగా, "అయ్యగారూ, గాలి గటుకెల్లే వస్తది. అంచు ఎదురువడ్తది" అన్నాడు. "గాలికి శాస్త్రం నువ్వు జెప్తవా నాకు? రేకులు గొట్టెటోడివి రేకులు గొట్టు" అన్నాడు సిద్ధాంతి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాచా నాయిన వైపు చూశాడు. నాయిన పెదవుల మధ్య ఆ రోజు గుండుసూదులు లేవు. అయినా నోరు తెరవలేదు. ఒకటో నంబరు రేకు తూర్పుకు బదులు పడమటకు పోయింది.

బడులు తెరిచే ముందు వారం, మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదటి వాన మధ్యాహ్నం పట్టింది. ఖిల్లా గుట్ట మీద మబ్బు నల్లగా దిగుతుంటే, కొత్త రేకుల కింద చప్పుడు విందామని నేను గది మధ్యలో నిలబడ్డాను. చప్పుడు వచ్చింది. దాని వెంట పడమటి గాలి వచ్చింది. గాలి వెంట నీళ్ళు వచ్చాయి, ఒక్క చోట కాదు, రేకు రేకు మధ్య సందులోంచి, పొడవునా గీత గీసినట్లు. నాయిన కుట్టి మడతలు పెట్టిన బడి చొక్కాలు, కోయని ఖాకీ గుడ్డ కట్టలు, అన్నీ తడిసి వాటి మీద పాత వాసాల మసి మరకలు పాకాయి. అమ్మ గిన్నెలు తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఇంట్లో గిన్నెలు అయిపోయాయి.

మరునాడు సిద్ధాంతి వచ్చి, తడి చొక్కాలు వేలాడుతున్న గదిలో, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తి కప్పు వంక చూడలేదు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి, ఏ కోర్టులోనైనా చెబుతాను. "రేకులు కిందున్నప్పుడు ముట్టరాని మనిషి ఎవలన్న ముట్టిన్రా?" అని అడిగాడు. బడిలో పంతులు ప్రశ్న అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తే అలవాటు నాది. ఇక్కడా ఎత్తాను. "అక్క ముట్టింది. అన్నిటి మీద అంకెలేసింది. గడ్డివాము ఎనుక గుడ్డ గూడ ఆరేసింది" అన్నాను. జవాబు తెలిసిన పిల్లను నేనే అని గర్వంగా చెప్పాను. అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పినప్పుడు పలక వంక చూసినట్లు చూసింది. నాయనమ్మ అక్క జడ పట్టుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో రాయడానికి నా దగ్గర మాటలున్నాయి గానీ, అక్క రాయొద్దన్నది.

బడి మానిపించారు. నాయిన కుట్టే గుడ్డలను ముట్టనివ్వలేదు. నెల నెలా కొట్టంలో పడుకోబెట్టారు. సిద్ధాంతి నాలుగు మూలలా నిమ్మకాయలు కట్టించి శాంతి చేయించాడు. ఖాజా చాచాను మళ్ళీ ఇంటికి పిలవలేదు. మేకుల బొక్కల్లో ఏటా తారు పెట్టారు, తిరగబడ్డ అంచుల జోలికి ఎవరూ పోలేదు. కాబట్టి ఇల్లు కురుస్తూనే ఉంది. వాన వచ్చిన ప్రతిసారీ అక్క నేరం కొత్తగా రుజువయ్యేది. ఊరంతా మబ్బు కోసం ఎదురుచూస్తే మా అక్క మబ్బు చూసి వణికేది. పెళ్ళై రామాయంపేట వెళితే ఆమె కంటే ముందే ఆ కథ అత్తగారింటికి చేరింది. అక్కడ పెసరచేను ఎండినా కారణం దొరికేది. ఇక నేను, నాకు ఆ వయసు వచ్చినప్పుడు, ఒక్క నెల కూడా నిజం చెప్పలేదు. పూజ గదిలో దీపం నేనే వెలిగించాను. పచ్చడి జాడీలో చెయ్యి నేనే పెట్టాను. పచ్చడి పాడవలేదు. అక్కడ మొదలైంది నా చదువు. తర్వాత ఎన్నో సభల్లో, ఎందరో పండితుల ఎదుట నిలబడి గొంతు చించుకున్నాను. ఎదుట ఎవరున్నా నేను వాదించింది ఆ కుర్చీలో కూర్చున్న మనిషితోనే. ఆయన మాత్రం పెద్దమనిషిగా బతికి, పెద్దమనిషిగా పోయాడు. బస్టాండు దగ్గర కొడుకు పెట్టిన వాస్తు ఆఫీసులో దండ వేసిన ఫోటోలో ఇప్పటికీ నవ్వుతున్నాడు.

పట్టీల బండి వెంట నేను ఇంటికి చేరేసరికి, ఆ కొడుకు మా వాకిట్లో నిలబడి ఫోనులో దిక్సూచి తిప్పుతున్నాడు. నా ఒళ్ళు మండింది. ఎవరు రమ్మన్నారని అరిచాను. "నేనే రమ్మన్న" అన్నది అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. "లొల్లి వెట్టకు చెల్లే. ఒక్కపారి నావల్ల ఇల్లు ఖరాబైంది. మల్ల గట్ల కావద్దు." అరవై దాటిన మనిషి, నా అక్క, ఇంకా ఆ తడి చొక్కాల కిందే నిలబడి ఉంది. నా పుస్తకాలన్నీ, నా సభలన్నీ కలిసి ఆ ఒక్క మనిషిని అక్కడి నుంచి కదిలించలేకపోయాయి. ఆ కొడుకు గొంతు సవరించుకొని, "మేడం, మీరు నమ్మకపోయినా సైన్సే ఇది. నైరుతి నుంచి స్టార్ట్ చేయాలె" అన్నాడు. అక్క తల ఊపి, "ఆయన చెప్పినట్టే చెయ్యిరా సలీం" అన్నది.

నాకంటే ముందే వచ్చిన సలీం అప్పటికే ఇంటి మీద పాత కొప్పు రేకు విప్పుతున్నాడు. ఇనుము మూలిగింది. "సుగుణక్కా! జర గిది సూడు. గీడ ఎవలో లెక్కలేసిన్రు!" అని పైనుంచి కేక వేశాడు. ఫోనులో ఫోటో తీసి కిందికి దిగి చూపించాడు. కొప్పు రేకు కింద ఎండా వానా తగలని చోట, తారు అంకెలు నిన్న వేసినట్లు ఉన్నాయి. అక్క ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, నడుముకు గీత ఉన్న ఏడు దగ్గర ఆగిపోయింది. "గిది నాదే" అన్నది. ఫోను సలీం చేతికి ఇచ్చేసింది. తర్వాత, "నిచ్చెన వెయ్యిరా" అన్నది.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి. చీర దోపుకొని, కింద నేనూ పైన సలీం పట్టుకుంటే, ఒక్కో మెట్టూ ఎక్కింది. తారు పెట్టడానికి తనతో సహా ఎందరో ఎక్కారు గానీ, ఆ ఇల్లు ఎందుకు కురుస్తుందో చూడటానికి నిచ్చెన ఎక్కిన మొదటి మనిషి మా అక్క. పై మెట్టు మీద నిలబడి వేలు గాలిలో ఆడిస్తూ వరస చదివింది. అంకెలు పడమట నుంచి తూర్పుకు నడుస్తున్నాయి. బాణాలన్నీ పడమరకే చూస్తున్నాయి. పన్నెండు రేకులూ, వేసిన తీరు తప్పని అన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాయి, చీకట్లో, మూత కింద. "అక్కా, నువ్వు ముట్టిన చోట తుప్పు గూడ పట్టలేదు" అన్నాడు సలీం. అది తారు వల్ల, కొప్పు రేకు నీడ వల్ల అని నేను అన్నాను. ఒక అబద్ధం మీద కసి తీర్చుకోవడానికి ఇంకో అబద్ధం నాకు వద్దు.

అక్క కిందికి దిగింది. సిద్ధాంతి కొడుకు ఎదుటికి వచ్చి నిలబడి, ఎడమ అరచేతి మీద కుడి అరచేయి సగం ఎక్కించి, అతని ముఖం ముందు పెట్టింది. "ఊదు" అన్నది.

"ఏందమ్మా ఇది?"

"ఊదు బిడ్డా. గిటుకెల్లి ఒకపారి, గటుకెల్లి ఒకపారి. మీ నాయిన ఊదలే. నువ్వన్న ఊదు."

అతను ఊదలేదు. అప్పటి సంగతులు తనకేం తెలుసన్నాడు. "ఎరుక లేకపోతే ఎందుకొచ్చినవ్?" అన్నది అక్క. నేను అప్పటికి నలభై మాటలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కొక్కటీ చెప్పుదెబ్బ లాంటిది. ఆ ఒక్క ప్రశ్న తర్వాత వాటి అవసరం లేకపోయింది. "మొదటి వాన నాడు రా. మీ నైరుతి మూలకే కుర్చేస్త. కూసోని చూద్దువు" అని అతనితో చెప్పి, అక్క లోపలికి వెళ్ళి దర్జీ సుద్ద తెచ్చింది. ఎర్రటి కొత్త రేకుల మీద ఒకటి నుంచి వేస్తూ పోయింది, పక్కన బాణాలతో. ఏడు నడుముకు గీత పెట్టింది. "తూర్పు దిక్కుకెల్లి షురూ చెయ్యి సలీం" అన్నది.

మిరుగం వాన ఈసారీ పగలే, పడమటి గాలితోనే వచ్చింది. నైరుతి మూలన కుర్చీ వేసి ఉంచాం. అతను రాలేదు, వాళ్ళు ఎప్పుడూ రారు. అక్కే ఆ కుర్చీలో కూర్చుంది. రేకుల మీద వాన దరువు వేస్తుంటే మెడ వెనక్కి వాల్చి, ఒక్కో సందూ చూస్తూ ఉంది. చూరు పట్టీ మీదుగా నీళ్ళు బయట గీత గీసినట్లు పడుతున్నాయి. వాన సన్నబడ్డాక ఆమె వంగి, నేల మీద అరచేయి ఆనించి, చెయ్యి తిప్పి చూసుకుంది. నా ముందు పెట్టింది. పొడిగా ఉంది. అప్పుడు నేను, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ రోజు చెప్పింది నేనే కదా అక్కా అన్నాను. "ఎరుకే" అన్నది. "నువ్వు చెప్పకున్నా వాన వస్తుండె గదనే."

అది ఆమె మంచితనం. దాన్ని నా శిక్ష తగ్గించుకోవడానికి వాడుకోను. ఆ సిద్ధాంతికీ, నోరు తెరవని నాయినకూ, జడ పట్టుకున్న నాయనమ్మకూ, నవ్విన వాడకట్టుకూ, చెయ్యెత్తిన ఎనిమిదేళ్ళ పిల్లకూ ఆ క్షమ చెల్లదు. ఒక ఆడపిల్ల చదువు తిన్న మనుషులం మేము. అంకెలు దొరికాయి కాబట్టి మా తప్పు బయటపడింది. మీ ఇంట్లో కొప్పు రేకు ఇంకా ఎవరూ విప్పలేదు, అంతే తేడా. పంట పోయిందని, పిల్లవాడికి జ్వరం వచ్చిందని, బండి బోల్తా పడిందని మీరు నింద వేసిన ఆడమనిషి మీ ఇంట్లో కూడా ఉంది. మీకు ఆమె పేరు తెలుసు. ఈ పుస్తకం మూయండి. లేవండి. ఆ రోజు నింద విన్నవాళ్ళలో బతికి ఉన్న ప్రతి ఒక్కరినీ పిలిచి ఆమె ఎదుట కూర్చోబెట్టండి. వాళ్ళందరూ వింటుండగా ఆమెను పేరు పెట్టి పిలిచి, తప్పు నీది కాదు, మాది అని చెప్పండి. తర్వాత నిచ్చెన తెచ్చి గోడకు వేసి, మీరే ఎక్కి చూడండి.